పాత మారుతి 800కు బ్రేకులు, సస్పెన్షన్: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

వానకు తడిసిన హైవే మీద రెండు మారుతి 800 కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పక్కపక్కన పోతున్నాయి. గేదెలు అడ్డం వచ్చాయి. డ్రైవర్లిద్దరూ ఒకే క్షణాన బ్రేకు తొక్కారు. మొదటి బండికి నిరుడు వేసిన టైర్లు. తడి రోడ్డు మీద వాటి పట్టు 0.65 అనుకుందాం. అంటే నూరు కిలోల బరువు మీద పడితే 65 కిలోల బలంతో రోడ్డును పట్టుకోగలవని. ఆ బండి 39 మీటర్లలో నిలబడుతుంది. రెండో బండి టైర్లు గాళ్లు అరిగి, ఎండకు రాయిలా అయిపోయాయి. పట్టు 0.4. అది ఆగడానికి 63 మీటర్లు కావాలి. మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది.

రెండు బండ్లకూ ఉన్నవి ఒకే డిస్కులు, ఒకే ప్యాడ్లు, ఒకే మాస్టర్ సిలిండర్. తేడా అంతా టైర్లదే. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది మాత్రం టైరు. ఇంటి షెడ్డులో పాత కారును బాగుచేసుకుంటున్న కుర్రాళ్లు చాలామంది ఎర్ర రంగు కాలిపర్లతో, పొట్టి స్ప్రింగులతో మొదలుపెట్టి, టైర్లను ‘ఇంకో ఏడాది వస్తాయిలే’ అని వదిలేస్తున్నారు. ఆ వరుసను తలకిందులు చేయాలన్నదే నా వాదన. ముందు టైర్లు, తర్వాత బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, షాకబ్జార్బర్లు, బుష్‌లు. స్ప్రింగులు, పెద్ద డిస్కులు వీటన్నిటి తర్వాత, అదీ అవసరం తేలితేనే.

ఉదాహరణకు మారుతి 800నే ఎందుకు ఎంచుకున్నానంటే, మన వీధుల్లో కవరు కప్పుకుని ఎదురుచూస్తున్న పాత కార్లలో ఎక్కువ అవే. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి ఇది. లెక్కలకూ సులువు. ఇంజిన్ 796 సీసీ, బండి బరువు సుమారు 650 కిలోలు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,175 మిల్లీమీటర్లు. చక్రం 12 అంగుళాలు. మనం మాట్లాడుకునేది ముందు డిస్కులు, మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక డ్రమ్ములు ఉన్న రకం గురించి. ఏబీఎస్ లేదు. ఇద్దరు మనుషులు, కాస్త సామాను కలిపి 800 కిలోలు అనుకుని లెక్క వేద్దాం.

టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైన టైరు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి గాళ్లు బాగానే కనిపిస్తాయి, లోపల రబ్బరు మాత్రం ముసలిదై ఉంటుంది. గోరుతో నొక్కితే దిగబడని టైరును, పక్కల్లో సన్న పగుళ్లున్న టైరును గాడి లోతు చూసి నమ్మొద్దు.

బరువు ముందుకు వాలితే

నిలబడి ఉన్న 800 కిలోల బండిలో ముందు చక్రాల మీద 480, వెనక చక్రాల మీద 320 కిలోలు ఉన్నాయనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా, 0.8 పట్టుతో బ్రేకు వేశాం. బండి బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంటే ముందుకు వాలే బరువు ఇంత: 800ని 0.8తో, ఆపైన 0.5తో గుణించి, 2.175తో భాగించాలి. 147 కిలోలు వస్తుంది. ఇప్పుడు ముందు చక్రాల మీద 627, వెనక వాటి మీద 173. ఆగే పనిలో 78 శాతం ముందు చక్రాలదే.

వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు పెట్టాలని ముచ్చటపడేవాళ్లు ఈ 22 శాతాన్ని ఒక్కసారి చూసుకోవాలి. వెనక బ్రేకులు అవసరానికి మించి బలంగా పనిచేస్తే, తేలికైపోయిన వెనక చక్రాలు ముందే జామ్ అవుతాయి, బండి గిర్రున తిరిగిపోతుంది. ఏబీఎస్ లేని బండికి అంతకన్నా ప్రమాదం లేదు. డ్రమ్ము లోపల లైనర్లు సరిగా ఉండి, వీల్ సిలిండర్ కారకుండా, ఖాళీ సరిగ్గా సర్ది ఉంటే వెనక్కి ఇంకేమీ అక్కర్లేదు.

ఇదే లెక్కతో బండిని కిందికి దించితే వచ్చే లాభమూ తెలుస్తుంది. 30 మిల్లీమీటర్లు దించి, బరువు కేంద్రాన్ని 0.47 మీటర్లకు తెచ్చామనుకోండి. ముందుకు వాలే బరువు 147 నుంచి 138కి తగ్గుతుంది. లాభం తొమ్మిది కిలోలు. నష్టాల సంగతి తర్వాత చూద్దాం.

తిరుమల దిగేటప్పుడు

కదిలే బండిలో ఉన్న శక్తి అంతా ఆగేటప్పుడు వేడిగా మారాలి. 800 కిలోల బండి 40 వేగంలో ఉంటే ఆ శక్తి 49 కిలోజౌళ్లు, 80 వేగంలో 198. వేగం రెండింతలైతే శక్తి నాలుగింతలు. ఈ 198లో మూడొంతులు ముందు డిస్కులకే పోతుంది. రెండు డిస్కుల్లో కలిపి ఆరు కిలోల పోత ఇనుము ఉందనుకుంటే, 80 నుంచి ఒక్కసారి ఆపితే డిస్కు వేడి సుమారు 54 డిగ్రీలు పెరుగుతుంది. మే నెల ఎండలో 40 దగ్గర మొదలైనా వంద దాటదు. మామూలు బ్రేకులు హాయిగా తట్టుకుంటాయి. ఊళ్లో తిరిగే కారుకు పెద్ద డిస్కు ఎందుకు వృథా అంటే ఇందుకే. పెద్ద డిస్కు ఎక్కువ వేడిని దాచుకోగలదు, పెడల్ మీద కాలి బలం కాస్త తగ్గుతుంది. ఒక్కసారి ఆగే దూరాన్ని మాత్రం అది తగ్గించలేదు. ఉన్న బ్రేకే చక్రాన్ని జామ్ చేయగలుగుతుంటే ఇంకా బలం పెంచి లాభం లేదు.

కొండ దిగేటప్పుడు కథ మారుతుంది. తిరుమల నుంచి తిరుపతికి ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు కార్లు కిందికి దిగుతాయి. మన 800 కిలోల బండి ఆ ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 5,490 కిలోజౌళ్లు. అంటే 80 వేగం నుంచి దాదాపు 28 సార్లు పూర్తిగా ఆపినంత. ఇక్కడ బండి బరువు ఎంతైనా ఆ 28 మారదు. ఎత్తు నుంచి వచ్చే శక్తీ, వేగం నుంచి వచ్చే శక్తీ రెండూ బరువుతో పాటే పెరుగుతాయి కాబట్టి, చిన్న మారుతికైనా పెద్ద ఇన్నోవాకైనా ఇదే లెక్క. ఇందులో సుమారు మూడో వంతు టైర్ల రాపిడి, గాలి మింగేస్తాయి. మిగతా దాన్ని ఇంజిన్ పంచుకుంటుందా, మొత్తం బ్రేకుల నెత్తిన పడుతుందా అన్నది డ్రైవరు వేసే గేరు మీద ఉంది. రెండో గేరులో దిగేవాడి డిస్కు గోరువెచ్చగా ఉంటుంది. న్యూట్రల్‌లో దిగేవాడిది పొగలు కక్కుతుంది.

ఘాట్‌లో బ్రేకు ఫెయిలైందని వినే చాలా సంఘటనల్లో విరిగేదీ తెగేదీ ఏమీ ఉండదు. బ్రేక్ ఆయిల్ మరిగిపోతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. డాట్ 4కి ఆ హద్దు 230, డాట్ 5.1కి 260. ఇవి గాలిలోని తేమను పీల్చుకునే ద్రవాలు. 3.7 శాతం నీరు చేరాక అవే హద్దులు వరుసగా 140, 155, 180కి పడిపోతాయి. కాలిపర్‌లో ఒక్క ఆవిరి బుడగ ఏర్పడితే చాలు, ద్రవంలా కాకుండా అది నలిగిపోతుంది, పెడల్ నేలకు తాకుతుంది, బండి మాత్రం ఆగదు. కాకినాడ, విశాఖ లాంటి తేమ గాలి ఊళ్లలో అయిదారేళ్లుగా మార్చని ఆయిల్ ఎంత నీరు తాగి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కొన్ని వందల రూపాయల్లో అయిపోయే ఈ ఆయిల్ మార్పిడి, టైర్ల తర్వాత పాత కారుకు చేయగలిగిన అతి పెద్ద మేలు అని నా గట్టి నమ్మకం. రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 3 పోసిన బండికి డాట్ 4 పోయవచ్చు. అంకె దగ్గరగా ఉంది కదా అని డాట్ 5 మాత్రం తేవద్దు, అది సిలికాన్ రకం, మిగతా వాటితో కలవదు. ఇంజిన్ ఆయిల్ పొరపాటున కలిసిందంటే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రావడం మామూలు పద్ధతి, బండి మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే దాన్నే పాటించాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపిల్ వదులు చేసి, పెడల్ కింద ఉండగానే బిగించాలి. డబ్బాలో మట్టం ఎప్పుడూ అడుగంటకూడదు. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది.

ప్యాడ్ల విషయంలో పేరు కన్నా అంచు మీద ముద్రించిన రెండక్షరాలు చూడండి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఈఈ ప్యాడ్ల చోట ఎఫ్ఎఫ్ వేస్తే, ఉదాహరణకు 0.30 నుంచి 0.40కి పెరిగితే, అదే బ్రేకుకు కాలితో తొక్కాల్సిన బలం నాలుగో వంతు తగ్గుతుంది. మొదటక్షరం ఎక్కువై రెండోది తగ్గిన ప్యాడు వేడెక్కిన కొద్దీ చేతులెత్తేస్తుంది, ఘాట్ రోడ్డుకు అది పనికిరాదు. రేసు ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లూ వద్దు. చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్నే సందు మలుపులో, వాటికి పట్టు తక్కువ. కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి ఎనిమిది పది సార్లు మెత్తగా తగ్గించి, మధ్యలో ఎక్కడా పూర్తిగా ఆపకుండా, ఆ తర్వాత డిస్కు చల్లారేదాకా నడపాలి. పాత లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదొద్దు, తడిగుడ్డతో తుడవాలి.

గుంత దాటాక ఏం జరుగుతుంది

స్ప్రింగు బరువు మోస్తుంది, గుంతలో పడ్డప్పుడు శక్తిని దాచుకుంటుంది. దాన్ని తిరిగి ఊగకుండా చంపేది షాకబ్జార్బర్. మన బండి ముందు మూల ఒక్కో స్ప్రింగు మీద 215 కిలోలు ఉండి, సెకనుకు 1.3 సార్లు ఊగే గుణం ఉందనుకుందాం. కుటుంబాలు తిరిగే కార్లలో ఇది సాధారణంగా 1 నుంచి 1.5 మధ్య ఉంటుంది. మంచి షాకబ్జార్బర్ ఉంటే ఒక్క ఊపు తర్వాత మిగిలేది మొదటి ఊపులో 14 శాతమే. లోపలి ఆయిల్ కారిపోయి బలం మూడో వంతుకు పడిపోతే ఒక్క ఊపు తర్వాత 53 శాతం మిగిలి ఉంటుంది, 15 శాతానికి రావాలంటే మూడు ఊపులు కావాలి. కాలంలో చూస్తే మూడు ఊపులంటే 2.3 సెకన్లు. 80 వేగంలో అది 51 మీటర్లు. అంటే గుంత దాటాక 51 మీటర్ల పాటు టైరు ఒక క్షణం రోడ్డును గట్టిగా అదుముతూ, మరుక్షణం వదిలేస్తూ పోతుంది. వదిలేసిన క్షణంలో బ్రేకు తొక్కారా, చక్రం జామ్.

అందుకే షాకబ్జార్బర్లను సుఖం కోసం వేసే వస్తువుగా చూడకండి, అవి బ్రేకులో భాగమే. ఎప్పుడూ జంటగా మార్చాలి, ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది పెట్టొద్దు. వాటితో పాటే కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్ పైన ఉండే రబ్బరు మౌంటులు కూడా చూడాలి. ఎండిన బుష్ బ్రేకు వేసినప్పుడల్లా చక్రాన్ని వెనక్కి లాగనిచ్చి, స్టీరింగ్‌ను పక్కకు తిప్పుతుంది.

స్ప్రింగుల మీద జరిగే దుర్మార్గం ఇంకొకటి, చుట్టు కోయించడం. ఆరు చుట్ల స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే మిగిలింది అయిదు. గట్టిదనం ఆరు బై అయిదు, అంటే 20 శాతం పెరుగుతుంది. తీగ మందం 10 మిల్లీమీటర్ల నుంచి 11 అయితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది, ఎందుకంటే మందం నాలుగుసార్లు గుణింపబడుతుంది. తీగలో ఒక్క మిల్లీమీటరు తేడాకే అంత మార్పు వస్తుంటే, కొలత లేకుండా కొన్న స్ప్రింగు ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు? స్ప్రింగు సగం మేర గట్టిపడి, షాకబ్జార్బర్ పాతదే ఉంటే ఇందాకటి 14 శాతం 20కి చేరుతుంది. బండి ఎక్కువసార్లు ఊగుతుంది. కోసిన స్ప్రింగు చక్రం గాలిలోకి లేచినప్పుడు గూట్లోంచి జారిపోయే ప్రమాదం వేరే ఉంది.

దించిన బండికి మన స్పీడ్ బ్రేకర్లతో ఏమవుతుందో చూద్దాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం కట్టిన బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. 800 చక్రాల మధ్య దూరం 2.175 మీటర్లే కాబట్టి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, నడుమ బొడ్డు కింద పోయేది మూడున్నర సెంటీమీటర్ల ఖాళీ మాత్రమే. ఊరి జనం రాత్రికి రాత్రి కట్టిన మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు బ్రేకర్ దగ్గరికొస్తే, ముందు చక్రాలు దిగేశాయి, వెనకవి ఇంకా ఎక్కలేదు, 15 సెంటీమీటర్లూ ఖాళీలోంచి పోతాయి. ఇలాంటివి మన పల్లెల్లో అడుగడుక్కీ ఉన్నాయి. మూడు సెంటీమీటర్లు దించిన బండి సైలెన్సర్ వాటి మీదే ఊడిపోతుంది. తొమ్మిది కిలోల లాభానికి ఇంత ధర చెల్లించనక్కర్లేదు.

12 అంగుళాల చక్రం తీసి 13 వేసేవాళ్లూ ఎక్కువే. 145/70 ఆర్12 టైరు వ్యాసార్ధం 254 మిల్లీమీటర్లు, 155/70 ఆర్13ది సుమారు 274. దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి 86లో పోతుంటుంది, ఆపాల్సిన శక్తి 16 శాతం పెరిగిపోతుంది. పైగా అదే బ్రేకు పెద్ద చక్రాన్ని పట్టుకోవాలంటే ఎనిమిది శాతం ఎక్కువ బలం కావాలి. బ్రేకులు మెరుగుపరచడానికి బయల్దేరి వాటిని బలహీనం చేసుకోవడమే ఇది.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. కంపెనీ కొలతలకే కొత్త టైర్లు, ప్యాడ్లు, షాకబ్జార్బర్లు, బుష్‌లు వేయడం మరమ్మతు, మార్పు కాదు. ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు వచ్చి చూసేది కూడా ఈ తేడానే.

ఇంట్లో చేసే పనిలో రెండు చోట్ల ప్రాణం మీదికి వస్తుంది. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. రెండోది స్ట్రట్ స్ప్రింగు. మనం లెక్కలో తీసుకున్న స్ప్రింగును సెంటీమీటరు నొక్కాలంటే 14 కిలోలకు పైగా కావాలి, 20 సెంటీమీటర్లు నొక్కి పట్టుకుంటే దాదాపు 290 కిలోల బలం బిగబట్టి ఉంటుంది. కంప్రెసర్ జారితే అది మొహం మీదికే వస్తుంది. మంచి కంప్రెసర్ లేకపోతే స్ట్రట్‌ను విప్పి, ఆ ఒక్క పనికి మాత్రం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అందులో చిన్నతనమేమీ లేదు.

స్ట్రట్ విప్పి బిగించాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఒక చక్రం ముందంచుకూ వెనకంచుకూ మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్నా, ప్రతి కిలోమీటరుకూ ఆ టైరు ఆరు మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతుంది. కొత్త టైర్లు కొన్ని నెలల్లో ఒకవైపే అరిగిపోవడానికి కారణం ఇదే.

అంతా అయ్యాక ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఎవరూ లేని, చదునైన, పొడి కాంక్రీటు లేదా తారు నేల మీద సున్నంతో గీత గీయండి. ఫోనులో జీపీఎస్ చూసి 40 వేగం ఖాయం చేసుకుని, గీత దగ్గర గట్టిగా బ్రేకు తొక్కి, టేపుతో కొలవండి. పట్టు 0.8 ఉంటే ఎనిమిది మీటర్లలో ఆగాలి. పది మీటర్లు దాటిందంటే ఎక్కడో లోపముంది. చక్రాలు జామ్ అయి కూడా బండి దూరం పోయిందా, టైర్లది తప్పు. బలమంతా పెట్టి తొక్కినా జామ్ అయ్యే దాకా రాలేదా, ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్‌లో గాలి, బూస్టర్ చూడాలి. ఎడమకు లాగిందా, కుడివైపు కాలిపర్ పిస్టన్ సరిగా కదలడం లేదేమో. ఆగాక ముక్కు రెండు మూడు సార్లు ఊగిందా, షాకబ్జార్బర్ల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. మొదటి వంద కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లు మాన్యువల్ చెప్పిన బిగువుకు మళ్లీ బిగించి, డబ్బాలో ఆయిల్ మట్టం, నాలుగు నిపిళ్ల దగ్గర చెమ్మ ఉందేమో చూసుకోండి.